గిన్నెకొలతలును గ్రాముల తూనికలును

మన వంటయిండ్లలో కొలత యనగా గిన్నెయే. ఇడ్డెనలకు గ్లాసెడు మినపపప్పునకు రెండు గ్లాసుల రవ్వ యని చెప్పుదుము గాని, ఆ గ్లాసు ఎంతటిదని యడుగువారు లేరు. అడుగవలసిన పనియు లేదు. చిన్న గ్లాసైన చిన్నగిన్నెడు పిండి యగును. పెద్ద గ్లాసైన పెద్దగిన్నెడు పిండి యగును. ఇడ్డెన మాత్రము ఒక్క తీరుననే యుండును. అన్నిటిని ఒకే పాత్రతో గొలిచినంతకాలము పాత్ర ఎంతటిదైనను చింత లేదు. పాళ్లు కుదిరిన చాలును.

మన భాషయు నీ పద్ధతికి దగినట్లే యేర్పడినది. ఏ పాత్రను బట్టుకొన్నను దాని పేరే కొలత యగును: సోలెడు, తవ్వెడు, మానెడు, కుంచెడు, గరిటెడు, గ్లాసెడు. పాత్రయే లేనిచోట చేయియే పాత్ర: చిటికెడు, పిడికెడు, చారెడు, దోసెడు. ఇంతటి సదుపాయము గల భాషలో పుట్టినవారికి త్రాసు వంటయింట నెందులకని తోచుట సహజమే.

ఐనను తూనిక మన స్త్రీలకు క్రొత్తది కాదు. పూర్వము నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము. ఇవి కొలతలు. మూడు తులములు పలము, నలువది పలములు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. ఇవి తూనికలు. ధాన్యము, పప్పులు, నూనె కొలిచి తెచ్చుకొనెడివారు. బెల్లము, చింతపండు, మిరపకాయలు తూచి తెచ్చుకొనెడివారు. ఈ రెండు లెక్కలను మన అమ్మమ్మలు ఒకే తలలో నుంచుకొని సంసారములు నడపిరి. 1956లో క్రొత్త తూనికల చట్టము వచ్చినది. 1958 అక్టోబరు మొదలు 1962 వరకు వీశెలును శేర్లును అంగళ్లనుండి క్రమముగా తొలగి కిలోగ్రాములు వచ్చి కూర్చుండినవి. నాడు వీశె యనినది నేటి లెక్కకు సుమారు కిలో నాలుగువందల గ్రాములు. అంగడి యంతయు తూనికకు మారినది. వంటయిల్లు మాత్రము గిన్నెతోనే నిలిచిపోయినది. పసిడి యంగడిలో మిల్లీగ్రామునకు సైతము లెక్క యడుగు మనము, ఇంటికి వచ్చి పిండిడబ్బా మూత తీయగానే గ్రాము మాటయే మరచిపోవుదుము.

కేకు మన యిండ్లకు వచ్చినప్పుడే చిక్కు వచ్చినది. ఏలయనగా కేకులో అన్నిటికి ఒకే పాత్ర లేదు. పిండియు పంచదారయు కప్పులతో కొలుతురు, వెన్న తూచిన పొట్లములలో వచ్చును, గ్రుడ్లను లెక్కపెట్టుదురు. కప్పు చిన్నదైనచో పిండి తగ్గును గాని, గ్రుడ్డు తగ్గదు. ఇడ్డెనలను కాపాడిన ఏకపాత్ర న్యాయము ఇచ్చట మనలను కాపాడదు.

మా అన్నగారి కుమార్తె కాకినాడలో నున్నది. భర్త జీతము చాలక రెండేండ్లుగా ఇంటనే కేకులు చేసి పుట్టినరోజులకును పెండ్లిరోజులకును అమ్ముచున్నది. చేతిలో పనితన మున్నది. నోట మంచితన మున్నది. అడిగి వచ్చువారును ఉన్నారు. కాని కేకు ఒకవారము దూదివలె వచ్చును, మరియొకవారము నడుమ క్రుంగి నూనె యోడును, ఇంకొకప్పుడు పైన బీటలు వారి గట్టిపడును. మెచ్చినవారు మరల వచ్చిరి. గట్టి కేకు తిన్నవారు డబ్బు తిరిగి యడిగిరి. నెలలో నాలుగు కేకులు తిరిగి వచ్చిన, ఆ నెల పిల్లల బడిజీతమునకు దిక్కులు చూడవలసినదే. ఓవెను పాతబడినదని తలంచి, అప్పుచేసి క్రొత్తది కొనుటకు నిశ్చయించుకొని, మాకు ఫోనులో "అత్తయ్యా, నువ్వు కాస్త మామయ్యతో చెప్పి సర్దించగలవా?" అని యడిగెను. అప్పు చేయుటకు ముందు కప్పును జూతమని, మా త్రాసును సంచిలో పెట్టుకొని వెళ్లితిమి.

త్రాసనగా పెద్ద యంత్రమేమియు కాదు. అరచేయి కన్న నొకింత పెద్దది, బ్యాటరీతో నడచునది. గిన్నెను దానిమీద నుంచి మీట నొక్కిన గిన్నె బరువును సున్నచేసి, తరువాత వేసినదాని బరువును మాత్రమే చూపును. దానిపై మా మేనకోడలి కప్పు నుంచి, సున్నచేసి, అంచువరకు నీరు పోసితిమి. 200 అని చూపెను.

ఈ నీటి యుపాయమును చదువరులు తప్పక యెరిగియుండవలెను. ఒక మిల్లీలీటరు నీరు ఒక గ్రాము తూగును. మన ఎండకాలపు నీరు ఆ లెక్కకు ఒక రవ్వ తేలికయే గాని, లీటరునకు నాలుగైదు గ్రాములకు మించి భేదము రాదు. వంటకు దానితో పని లేదు. కావున ఏ పాత్రలోనైనను నీరు నింపి తూచినచో ఆ పాత్ర పరిమాణము తెలియును. అడుగున ముద్రించిన అంకెలను నమ్మవలసిన పని లేదు. దుకాణములో కప్పు అనిపించుకొన్న ప్రతిదియు కప్పు కాదు.

మా మేనకోడలు అనుసరించు పద్ధతి అమెరికావారిది. వారి కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియావారి కప్పు 250. జపానువారి వంటకప్పు 200. ఇవిగాక మన యిండ్లలో అన్నము వండు విద్యుత్పాత్రతో వచ్చు చిన్నకప్పు ఒకటి కలదు. అది 180 మాత్రమే, బియ్యము గొలుచుటకై జపానువారి పాతకొలత ననుసరించి చేసినది. దానిని కప్పనుకొని కేకు చేసినచో నాలుగింట మూడువంతులే పడును. పెద్దచెంచాలును అంతే: అనేక దేశములలో 15 మిల్లీలీటర్లైన, ఆస్ట్రేలియాలో 20. పద్ధతి ఎచ్చటినుండి వచ్చినదో తెలియక కొలత తెలియదు.

కప్పు చిన్నదని తెలిసినంతమాత్రమున చిక్కు తీరలేదు. చిన్నదైనచో కేకు ఎల్లప్పుడును ఒకే విధముగా చెడవలెను గదా! ఒకనాడు క్రుంగి, మరొకనాడు గట్టిపడుట యేల? దీనికి జవాబు ఆ పూటయే కంటబడినది. ఆ యింట పిండి కొలుచు చేతులు రెండు. మా మేనకోడలు కప్పును డబ్బాలో ముంచి, డబ్బా గోడకు అదిమి, నిండుగా తీయును. ఆమెకు తీరిక లేనప్పుడు ఆమె అత్తగారు కొలుతురు. ఆమె పిండిని జల్లించి, చెంచాతో పలుచగా కప్పులో వేసి, పైన చాకువీపుతో దుడుచుదురు. ఇరువురును కొలిచినది కప్పున్నరయే. ఇరువురి పిండిని తూచితిమి. అత్తగారిది 150 గ్రాములు, కోడలిది 190. ఆ కేకునకు కావలసినది 180.

40 గ్రాముల భేద మనగా గుప్పెడు పిండి. పిండి 150 ఉన్ననాడు వెన్నయు గ్రుడ్లును దానికి మించిపోయి కేకు నడుమ నిలువలేక క్రుంగినది. 190 ఉన్ననాడు పిండి హెచ్చినది, అదే చిన్నకప్పుతో కొలిచిన పాలును పంచదారయు తగ్గినవి. కనుక ఆరి గట్టిపడినది. ఓవెను ఏ పాపమును ఎరుగదు.

మైదావంటి మెత్తని పిండికి గాలియే శత్రువు. గింజలను కొలిచినచో గింజకు గింజకు నడుమ సందు అన్నిమారులును ఇంచుమించు ఒక్కటిగానే యుండును; అందువలన ధాన్యము కుంచములతో కొలిచినను రైతు నష్టపోలేదు. పిండి అట్లు కాదు. అమెరికా కప్పెడు మైదా చెంచాతో వేసి మట్టముగా దుడిచిన సుమారు 120 గ్రాములు. డబ్బాలో ముంచి తీసిన 140 మొదలు 150 వరకు. జల్లించి కొలిచిన 110 ప్రాంతమున. మూడును కప్పులే. ధాన్యము గొలుచునప్పుడు మొదటి కుంచమును ఒకటి యనక 'లాభము' అని లెక్కపెట్టుట మన పల్లెలలో ఆచారము. పిండికప్పులో నీ లాభము తెలియకుండగనే వచ్చి చేరును; తినువారికి మాత్రము అది నష్టమే.

ఇంతవరకు విన్న మా మేనకోడలు, "అయితే కప్పుకి ఇన్ని గ్రాములని ఒక్క అంకె చెప్పేయి అత్తయ్యా, రాసుకుంటాను" అనెను. అందరును అడుగునది ఇదియే. ఆ యొక్క అంకె లేదు. కప్పు స్థలమును కొలుచును. త్రాసు బరువును కొలుచును. ప్రతి వస్తువునకు ఈ రెంటికి గల చుట్టరికము వేరు. అదే అమెరికా కప్పెడు పంచదార 200 గ్రాములు, వెన్న 227, నూనె 215 ప్రాంతము, పాలు 240కి పైన, తేనె సుమారు 340, కోకోపొడి 85 మాత్రమే. తేనెకును కోకోపొడికిని నాలుగు రెట్ల భేదము! ఒకే అంకెతో హెచ్చవేసి కప్పులను గ్రాములుగా మార్చువారు నీటికి తప్ప మరి దేనికిని న్యాయము చేయజాలరు. ఏ వస్తువునకు ఆ వస్తువునే ఒకమారు తూచి వ్రాసికొనవలెను. ఒకమారు వ్రాసిన, మరల వ్రాయ బనిలేదు.

పంచదార విషయమున ఇంకొక చమత్కారము కలదు. 'కప్పెడు పంచదారను పొడిచేసి వేయవలెను' అనుట వేరు. 'కప్పెడు పంచదారపొడి వేయవలెను' అనుట వేరు. మొదటిది 200 గ్రాములు. రెండవది 120 మాత్రమే. పొడియైన పంచదార గాలి నింపుకొని పొంగును గదా. 'కప్పెడు జల్లించిన పిండి', 'కప్పెడు పిండిని జల్లించి' అనునవియు నట్లే. మాట ముందువెనుకలైన కేకు తలక్రిందులగును. గ్రాములలో చెప్పినచో ఈ భాషాచిక్కు లుండవు: పొడిచేసినను చేయకున్నను, 200 గ్రాములు 200 గ్రాములే.

అమెరికావారు మాత్ర మెప్పుడును ఇట్లు కప్పులతో కచ్చితముగా కొలిచిరని అనుకొనరాదు. పందొమ్మిదవ శతాబ్దపు వారి వంటపుస్తకములలో టీకప్పెడు పిండి, కోడిగ్రుడ్డంత వెన్న అను మాటలే యుండెడివి. మన చారెడు, నిమ్మకాయంత చింతపండు వంటివే. బోస్టను నగరమున వంటపాఠశాల నడపిన ఫానీ ఫార్మరు అను విదుషీమణి 1896లో ఒక వంటపుస్తకము ప్రకటించి, కప్పును గాని చెంచాను గాని మట్టముగా దుడిచియే కొలువవలెనని పట్టుబట్టెను. చిన్ననాటనే పక్షవాతము సోకి చదువు మధ్యలో మానవలసివచ్చిన యామె, ఒక దేశపు గృహిణుల చేతివాటమునంతను దిద్దినది. ఆమె పని గొప్పదే. ఐనను కప్పు కప్పే. మట్టముగా దుడిచినంతమాత్రమున క్రింద నదిమిన పిండి తేలిక కాదు. ఇంగ్లండువారు తూనికనే నమ్మిరి. వారి పౌండు కేకు పేరే సాక్షి: పౌండు పిండి, పౌండు వెన్న, పౌండు పంచదార, పౌండు గ్రుడ్లు. మన గ్లాసెడు, రెండు గ్లాసుల లెక్కవలె జ్ఞాపకముంచుకొనుటకు సులభము. పిండి అదిమిరా యను ప్రశ్నయు రాదు.

గ్రుడ్డు సంగతి చెప్పవలెను. అమెరికాలో 'పెద్దది' అని అమ్ము గ్రుడ్డు పెంకుతో సగటున 57 గ్రాములు, పెంకు తీసిన 50. మన సందుచివరి కొట్టులో గ్రుడ్డు ఆ దినమున కోడిపెట్ట దయ. రెండు గ్రుడ్లనినచోట పగులగొట్టి, గిలకొట్టి, 100 గ్రాములు తూచుకొనుట మేలు. మిగిలిన చెంచాడు కేకుపై పూయుటకో, పిల్లల అట్టునకో పోవును.

ఇట్లని అన్నిటిని తూచవలెనని మే మనము. బేకింగు పౌడరు, సోడా, ఉప్పు వంటి స్వల్పవస్తువులకు ఇంటిత్రాసు పనికిరాదు. గ్రామునకు లోపల అది తడబడును. సోడా ఒక గ్రాము హెచ్చిన నోట చేదు తెలియును. వానికి 5 మిల్లీలీటర్ల టీచెంచాయే, మట్టముగా దుడిచి, నమ్మదగినది. మన కాఫీచెంచాలు టీచెంచాలు కావు. వానిని నీటితో పరీక్షింపక నమ్మరాదు.

ఆ సాయంకాలము మా మేనకోడలు ఒక చీటీమీద మైదా 180, పంచదార 200, వెన్న 113, గ్రుడ్లు 100, పాలు 120 అని వ్రాసి వంటయింటి గోడకు అంటించెను. వెన్న 113 ఏమి లెక్క యని ఆమె అత్తగారు అడిగిరి. అమెరికాలో వెన్నను నాలుగు ఔన్సుల కడ్డీలుగా అమ్ముదురు. అర కప్పు వెన్న యనగా అటువంటి కడ్డీ యొకటి. మన వంద గ్రాముల పొట్లమునకు పైన మరి పదమూడు చేర్చవలెను. ఇప్పుడు ఆ యింట ఎవరు కొలిచినను కేకు ఒక్క తీరుననే వచ్చుచున్నది. అప్పు మాట పోయినది. కరెంటు పోయినప్పటి కేకులకు మాత్రము త్రాసు జవాబుదారి కాదు.

ఇది విని మా అత్తగారు నవ్విరి. ఆమెకు ఎనుబది దాటినవి. "చేతికి తెలియని కొలత యంత్రానికి తెలుస్తుందా అమ్మాయీ?" అనిరి. ఈ మాటను త్రోసివేయుటకు మాకు మనసొప్పదు. ఆమె చేసెడి నేతిబిస్కట్లు మా బంధువర్గమున పేరుమోసినవి. ఓవెను లేని కాలమున, దిబ్బరొట్టెకు వలె మూకుటిపై మూతలోను నిప్పులు పోసి, పైన క్రింద సెగతో కాల్చెడివారు. రెండు సోలల మైదా, గిద్దెడు సెనగపిండి, సోలెడు పంచదారపొడి, మూడు గిద్దల పేరిన నెయ్యి. ఆ చేయి ఏనాడును తప్పలేదు. కాని ఆ చేయి ఇప్పుడు వణకుచున్నది. న్యూజెర్సీలో నున్న మా ఆడపడుచు కుమార్తె ఫోనుచేసి, "అమ్మమ్మా, సోలంటే ఎంత?" అని యడిగిన, ఈమె చేయిచాచి చూపుదురు, ఫోనులో పిల్ల కంటికి ఆ చేయి అందునా?

సోలను మాత్రము నీటితో తూచి చెప్పవచ్చును. మా యింటి ఇత్తడిసోల 310 మిల్లీలీటర్లు పట్టును. ఊరూరికి సోల వేరు. పొరుగింటివారి సోలకు మాది సాక్ష్యము కాదు. ఐనను సోల పరిమాణము చెప్పినంతమాత్రమున అత్తగారి బిస్కట్లు రావు. పిండి ఎంత అదిముదురో, నెయ్యి సోలపై ఎంత గోపురముగా నిలుపుదురో తెలియదు గదా. అందుచేత ఆమె చేతిని మార్చుమని కోరలేదు. ఆమె యెప్పటివలెనే కొలుచుచుండ, ఆమె గిన్నె క్రింద త్రాసు నుంచితిమి. ప్రతి వస్తువు పడినంతనే అంకె వ్రాసికొని, మరల సున్న చేసితిమి. మూడు దినములు, మూడుమారులు. మైదా 385, 390, 395. సెనగపిండి 35, 36, 35. పంచదారపొడి 160, 165, 165. నెయ్యి మూడుమారులును 210.

మూడు దినములలో ఆ వణకు చేతికి పిండిలో పది గ్రాములకు మించి భేదము రాలేదు. ఆ యంకెలను చూచి మాకు మాట రాలేదు. అత్తగారు మాత్రము అది యేమంత విశేషమో తెలియనట్లు పిండి కలుపుకొనుచుండిరి.

అంకెలు అమెరికాకు వెళ్లినవి. అచ్చటను గ్రాములు చూపు త్రాసులు దొరకును. మొదటి వాయలో బిస్కట్లు అంచున మాడినవట. అది ఓవెను సెగకు సంబంధించినది, వేరుగా సర్దుకొన్నది. రెండవ వాయ ఫొటో పంపినది. అత్తగారు కళ్లద్దములు పెట్టుకొని చూచి, నెరియలు సరిగా విచ్చినవనిరి.

వంటపుస్తకమున సోలలు కొట్టివేసి గ్రాములు వ్రాయబోగా ఆమె వారించి, రెండును ప్రక్కప్రక్కన నుంచుమనిరి. అట్లే వ్రాసితిమి. సోల అడుగున 310 అని గోరుతో గీసినంత సన్నముగా చెక్కించి, దానిని పిండిడబ్బాలోనే యుంచితిమి.